నీలం దారానికి రెండో చివర

ఉద్యోగ జ్ఞాపకాలంటే జుట్టు నెరిశాక, పెన్షన్ మొదలయ్యాక రాసుకునేవని మా అమ్మ నమ్మకం. "ముప్పై రాకుండానే నీకు జ్ఞాపకాలేంటే?" అని నవ్వుతోంది. నిజమే, వయసు రాలేదు. కానీ సైటు పని నుంచి నేను రిటైరైపోయాను. ఇప్పుడు బెంజి సర్కిల్ దగ్గర ఒక ఆఫీసులో, చల్లటి గదిలో, కంప్యూటరు ముందు కూచుని పైపుల బొమ్మలు గీస్తాను. తెర మీద ఇక్కడ ఒక చుక్క, అక్కడ ఒక చుక్క నొక్కితే మధ్యలో గీత దానంతటదే వచ్చేస్తుంది. ఎప్పుడూ వంకర పోదు. ఎవరితోనూ పోట్లాడక్కర్లేదు.

మొన్న కొత్తగా చేరిన పిల్లలు అడిగారు. "అక్కా, గీయడం సరే. నెత్తి మీద అంత ఎత్తున వేలాడే పైపుని నిజంగా తిన్నగా ఎలా పెడతారు?" చెప్పడం మొదలుపెట్టాను. మధ్యలో ఆపేశాను. ఫోనొచ్చినట్టు నటించి బాల్కనీలోకి వెళ్ళిపోయాను. వాళ్ళకి సగమే చెప్పాను కాబట్టి మిగతాది ఇక్కడ రాస్తున్నాను.

గుణదల దాటాక రైలు పట్టాల వైపు ఒక పాత ధాన్యం గోదాము ఉండేది. దాన్ని ఫర్నిచర్ షోరూముగా మారుస్తున్నారు. పైన ఇనప దూలాలు, వాటి మీద రేకులు, వెలుతురు కోసం మధ్యమధ్యలో పాలరంగు ప్లాస్టిక్ రేకులు. ఓనరుగారు ఫాల్స్ సీలింగు వద్దన్నారు. పాత గోదాము పాత గోదాములాగే కనపడాలట, ఇప్పుడదే ఫ్యాషనట. అంటే, నిప్పంటుకుంటే నీళ్ళు చిమ్మే ఎర్ర పైపు ఈ గోడ నుంచి ఆ గోడ దాకా వచ్చిన ప్రతివాడి నెత్తి మీదా కనపడుతూనే ఉంటుంది. సీలింగు వెనక దాక్కునే పైపు కొంచెం అటూ ఇటూ అయినా దేవుడికి తప్ప ఎవరికీ తెలీదు. దీనికి ఆ సౌకర్యం లేదు.

మా కాంట్రాక్టరు సారు దివిసీమ నుంచి వచ్చి బెజవాడలో స్థిరపడ్డ బడిపంతులుగారి అబ్బాయి. పని అప్పజెప్పినా పాఠం చెప్పినట్టే ఉంటుంది. మొదటి రోజు మా ఇద్దర్నీ గోదాము మధ్యలో నిలబెట్టి చెప్పారు.

"చూడమ్మాయ్. ఇది మాట రాకుండా అయిందనుకో, భవానీపురంలో హాస్పిటల్ పని మీ ఇద్దరిదే. మాటొచ్చిందా, గుంటూరు గ్యాంగుని దింపేస్తా. నాకు మొహమాటాల్లేవు."

భవానీపురం మా ఇల్లు. ఆ హాస్పిటల్ మా వీధి చివర లేస్తోంది. ఎన్ని అంతస్తులో, ఎంతెంత పొడుగు వరండాలో. వాటిలో పైపులు నేనే వేయించాలని, పొద్దున్నే నడిచి సైటుకి పోవాలని నాకు ఎంత ఆశగా ఉండేదో చెప్పలేను. కానీ ఆ ఆశలో ఎప్పుడూ "మీ ఇద్దరిదే" అన్న మాటే ఉండేది.

దగ్గరుండి పని చేయించేదాన్ని నేను. రెండో మనిషి ఫిట్టరు. అందరూ భాయ్ అనేవాళ్ళు, నేనూ అదే అన్నాను. నా ఈడువాడే. వన్‌టౌన్‌లో వాళ్ళ నాన్నగారిది టైలరు షాపు. అక్కడి అలవాటేమో, చెవి వెనక పెన్సిలుకి బదులు టైలరు సుద్ద పెట్టుకునేవాడు. చొక్కా ఇస్త్రీ చెదిరేది కాదు. పరంజా ఎక్కేటప్పుడు కూడా పై జేబులో దువ్వెన ఉండాల్సిందే.

మొదటి రోజే గొడవైంది. నేను ఫోనులో రసమట్టం యాప్ తెరిచి పైపు మీద ఆనించాను. చూసి నవ్వాడు.

"మేడం, మీ ఫోను వెనక కెమెరా ఉబ్బెత్తుగా ఉంది. మీరు చూసేది పైపు లెవెలు కాదు, కెమెరా లెవెలు."

నాకు ఒళ్ళు మండింది. "నాకు తెలుసులే. ముందు నీ దువ్వెన సంగతి చూసుకో."

"దువ్వెన తిన్నగానే ఉంది మేడం. కావాలంటే దాంతో కొలవండి, యాప్ కంటే నయం."

టేపు తీసి విసిరాను. తగల్లేదు. పట్టుకుని, చుట్టి, మళ్ళీ నా చేతికే ఇచ్చాడు.

పని ఇలా జరిగేది. సన్నటి ప్లాస్టిక్ గొట్టంలో నీళ్ళు నింపి, రెండు చివర్లూ చెరొకరం పట్టుకుని గోదాము రెండు కొసల్లో నిలబడేవాళ్ళం. నీళ్ళకి పక్షపాతం లేదు కదా, రెండు చోట్లా ఒకే ఎత్తులో నిలబడతాయి. అక్కడ సుద్దతో గుర్తు. ఆ గుర్తు నుంచి ఈ గుర్తుకి నీలం పొడి పట్టించిన దారం బిగించేవాళ్ళం. పొడుగాటి దారం మధ్యలో కుంగుతుంది కాబట్టి మధ్య మధ్య ఆసరా. ఆ దారాన్ని చూసుకుంటూ ఒక్కో దూలం నుంచి ఒక్కో రాడ్డు దింపాలి, రాడ్డు చివర క్లాంపు బిగించాలి, క్లాంపుల్లో పైపు పడుకోబెట్టాలి. అంతే. వినడానికి ఎంత సులువుగా ఉందో చూడండి.

అసలు కష్టం మాట వినపడకపోవడం. కింద గ్రైండర్లు, టైల్సు కోసే మిషన్లు, పైన రేకుల మోత. నేనెంత అరిచినా అటు చివరికి వెళ్ళేది కాదు. నా గొంతు సంగతి మా వీధిలో ఎవర్నడిగినా చెబుతారు, అలాంటిది. ఫోను చేస్తే జేబులో మోగింది అతనికి తెలిసేది కాదు. అందుకని దారమే మా ఫోనైంది. ఒక్కసారి చటుక్కున లాగితే ఆగమని. రెండుసార్లు లాగితే పైకి, మూడుసార్లు లాగితే కిందికి. లాగి అలాగే పట్టుకుంటే టీ వచ్చిందని. ఇది ఎవరూ కూచుని నిర్ణయించింది కాదు. మూడు నాలుగు రోజుల్లో దానంతటదే కుదిరిపోయింది. ఆ టీ లాగుడు మాత్రం అతనే కనిపెట్టాడు. మొదటిసారి నాకు అర్థం కాక, దారం ఎక్కడో పట్టేసిందనుకుని విడిపించడానికి అంత దూరం నడిచివెళ్ళాను. చేతిలో రెండు గ్లాసులతో నిలబడి ఉన్నాడు.

"చల్లారిపోతోంది మేడం. ఇంత ఆలస్యమా?"

అతనికీ తప్పులు జరిగేవి. ఒకరోజు నీళ్ళ గొట్టంలో చిన్న గాలి బుడగ చిక్కుకుంది. చూసుకోకుండా గుర్తులు పెట్టేశాడు. సాయంత్రం నేను గొట్టాన్ని వెలుగుకి ఎత్తి చూసి బుడగ చూపించాను. రాడ్లన్నీ మళ్ళీ మొదటికొచ్చాయి. "కళ్ళు దువ్వెన మీద కాదు, గొట్టం మీద ఉండాలి" అని పదిమంది ముందు అరిచేశాను. మర్నాడు మధ్యాహ్నం అతను గోడ వైపు తిరిగి అన్నం తిన్నాడు. అంత పెద్ద గోదాములో ఒక మనిషి గోడకేసి చూస్తూ బిర్యానీ తినడం ఎలా ఉంటుందో ఊహించుకోండి. నేను నా పెరుగన్నం డబ్బా తీసుకెళ్ళి పక్కన కూచున్నాను. నేనూ గోడకేసే చూస్తూ తిన్నాను. కాసేపటికి నవ్వు ఆపుకోలేక పొలమారింది అతనికి.

ఇలా వెళ్తుండగా లేజరు వచ్చింది. నేనే పట్టుబట్టాను. ఫోనులో వీడియోలు చూపించి చూపించి సారుని ఒప్పించాను. మూడుకాళ్ళ మీద ఒక డబ్బా, దాంట్లోంచి ఆకుపచ్చ గీత బయల్దేరి గోడంతా చుట్టేస్తుంది. బుడగలు లేవు, కుంగడం లేదు. దారం చుట్టి సంచిలో పడేశాం. పొద్దు వాలి గోదాములో వెలుతురు తగ్గాక లేజరు వెలిగించేవాళ్ళం. రెండో చివర పట్టుకోవడానికి మనిషి అక్కర్లేదు కాబట్టి అతనొక దూలం మీద, నేనొక దూలం మీద, ఎవరి పని వాళ్ళం. పని తొందరగా అయ్యేది.

"దీనికి టీ కూడా అక్కర్లేదు మేడం. సారుకి బాగా నచ్చుతుంది" అన్నాడొకసారి లేజరు డబ్బాని నిమురుతూ. అప్పుడది జోకే అనుకున్నాను.

పైపు ఎక్కింది. ఎర్ర రంగు పడింది. దారంతోనూ, నీళ్ళతోనూ, లేజరుతోనూ అన్ని రకాలా చూశాం, వెంట్రుకవాసి తేడా లేదు. తర్వాత పెయింటర్లు దిగారు. గోడకి కింద ముదురు ఆకుపచ్చ, పైన తెలుపు, రెంటికీ మధ్య బంగారు రంగు పట్టీ వేశారు. అప్పటికి గుణదల తిరునాళ్ళు మొదలయ్యాయి. రోడ్డంతా మేరీమాత కొండకి నడిచివెళ్ళే జనం. కొవ్వొత్తులమ్మేవాళ్ళు, బొమ్మలమ్మేవాళ్ళు, చంకలో పిల్లల్ని ఎత్తుకున్న తల్లులు. ఆ జనంలోనే కారు దూర్చుకుని ఓనరుగారు ఒక పొద్దున సైటుకి వచ్చారు.

గోదాము మధ్యలో నిలబడి, పొడుగు గోడకేసి తలెత్తి చూశారు. 

"పైపు వంకరగా ఉంది."

సారు మొహం మాడిపోయింది. నేను ఫక్కున నవ్వాను. అలా నవ్వకుండా ఉండాల్సింది.

"వంకరేంటండీ? లేజరుతో పెట్టాం."

"లేజరో గీజరో నాకు తెలీదమ్మా. ఊహ తెలిసినప్పట్నుంచీ ఫర్నిచర్ అమ్ముతున్నా. బీరువా ఒరిగితే గుమ్మంలోంచే చెబుతా. ఈ పైపు గుమ్మం వైపు లేస్తోంది. చూడండి, ఎగిరిపోయేలా ఉంది."

నేను కూడా చూశాను. చెప్పుకోవడానికి సిగ్గేస్తోంది గానీ నిజంగానే లేస్తున్నట్టు ఉంది. నిన్నటిదాకా లేదు. కోపంలో లేజరు తెచ్చి మూడుకాళ్ళ మీద నిలబెట్టి వెలిగించాను. పట్టపగలు, పైన పాలరంగు రేకుల్లోంచి ఎండ కుమ్మరిస్తోంది. గోడ మీద గీత ఎక్కడా కనపడదు. డబ్బాని ఇటు తిప్పాను, అటు తిప్పాను. అరచేత్తో నీడపట్టి గోడంతా వెతికాను.

"ఏదమ్మా గీత?" అన్నారు ఓనరుగారు.

"ఉందండీ. ఎండకి కనపడదు."

"పైపేమో వంకరగా కనపడుతుంది, గీతేమో కనపడదు. బాగుంది."

"మీ కళ్ళు బాగోలేవేమో..." అని మొదలుపెట్టాను.

"అమ్మాయ్! నోరు!" అన్నారు సారు.

సాయంత్రం అన్నగారిని తీసుకొస్తాననీ, ఆలోపు సరిచేసి ఉంచమనీ చెప్పి ఓనరుగారు వెళ్ళిపోయారు. సారు గొంతు పెంచలేదు. దానికే భయమేసింది.

"గుమ్మం వైపు కొంచెం దించండి. ఆయన కంటికి సరిపోతే చాలు. సాయంత్రానికి కాకపోతే రేపు గుంటూరు వాళ్ళొస్తారు. హాస్పిటల్‌కీ వాళ్ళే వెళ్తారు."

సారు అటు వెళ్ళగానే భాయ్ పానా తీసుకుని పరంజా వైపు నడిచాడు. నేను అడ్డం నిలబడ్డాను.

"పైపు తిన్నగా ఉందని నీకు తెలుసు."

"తెలుసు."

"మరెందుకు ఎక్కుతున్నావ్?"

"నాకు హాస్పిటల్ కావాలి మేడం. మీకొద్దా?"

"కావాలి. వంకర పైపు పెట్టి కాదు."

"ఆయన కొనుక్కునేది కనపడేదాన్ని. తిన్నగా ఉన్నది వంకరగా కనపడుతోంది. వంకరగా పెడితే తిన్నగా కనపడుతుంది. మా నాన్న షాపుకి ఒక భుజం కిందికున్నవాళ్ళు వస్తారు. ఆ వైపు లోపల గుడ్డ పెట్టి కుడతాడు. చొక్కా వంకర, మనిషి మాత్రం తిన్నగా ఉంటాడు. ఎవరికి నష్టం?"

"ఇది చొక్కానా?"

"పక్కకి జరగండి మేడం."

అంత ముక్తసరిగా నాతో ఎప్పుడూ మాట్లాడలేదు. జరిగాను. సంచిలోంచి నీలం దారం తీసి, ఒక కొస కింద నా దగ్గర పడేసి, రెండో కొస పట్టుకుని గుమ్మం వైపు ఎక్కాడు. ఎంత దించాలో చూసుకోవడానికి చివరి రాడ్డుకి దారం కట్టాడు. నేను గోదాము రెండో కొసకి నడిచి దారం చివర చేతికి చుట్టుకున్నాను.  కనీసం దించకముందు తిన్నగా ఉండేదని రేపెవరికైనా చూపిద్దామని ఫోను తీశాను.

ఫోను కెమెరాలో గళ్ళు గళ్ళుగా సన్నటి గీతలొస్తాయి కదా, అవి ఎప్పుడూ పెట్టుకునే ఉంటాను. ఫోనుని అక్కడున్న ఇనప స్తంభానికి సమంగా పట్టుకుని గోడ ఫోటో తీశాను. పైపు, అడ్డ గీత ఒకదాని మీద ఒకటి అతికినట్టున్నాయి. దాని కిందే బంగారు రంగు పట్టీ ఉంది. అది గీతని వదిలేసి గుమ్మం వైపు జారిపోతోంది.

పైపు లేవడం లేదు. పట్టీ దిగుతోంది.

పాత ధాన్యం గోదాము. లోపలికొచ్చిన వాన నీళ్ళు బయటికి పోవాలని ఎప్పుడో కట్టినవాళ్ళు నేలని గుమ్మం వైపు వాలుగా వేశారు. పెయింటర్లు నేల నుంచి టేపు పెట్టి, అన్నిచోట్లా ఒకే ఎత్తు కొలిచి, పట్టీ వేశారు. నేల వాలితే పట్టీ వాలింది. పట్టీని చూసిన కంటికి పైపు లేచింది.

"భాయ్!" అని అరిచాను. "ఆగు! దించకు!"

గ్రైండరు. టైల్సు మిషను. పైన అతను పానాని మొదటి నట్టుకి బిగించాడు. మోచెయ్యి వెనక్కి వెళ్తోంది. అది అప్పటికే నీళ్ళు నింపి పరీక్ష చేసిన పైపు, ఒక్కసారి కదిలిస్తే జాయింట్లన్నీ మళ్ళీ మొదటి నుంచి చూడాలి.

చేతికి చుట్టుకున్న దారాన్ని చటుక్కున లాగాను. ఒక్కసారి.

అంత దూరంలో మోచెయ్యి ఆగింది.

ఆ క్షణం నాకు ఇప్పటికీ అరచేతిలో ఉంది. అతను తల తిప్పి చూడలేదు, ఎందుకని అడగలేదు. దారం ఆగమంది, ఆగాడు. అంతే.

పరుగున వెళ్ళి ఫోను చూపించాను. పరంజా దిగి వచ్చి చూశాడు. దువ్వెన తీసి జుట్టు దువ్వుకున్నాడు. అంటే ఒప్పుకున్నట్టు.

"పైపు కాదు, గోడకి భుజం కిందికుంది" అన్నాడు.

"అయితే గుడ్డ గోడకి పెడదాం."

పెయింటరు మేస్త్రీని పిలిచాం. పెద్దాయన. గడ్డం నిండా ఆకుపచ్చ చుక్కలు.

"అమ్మా, నేల నుంచి కొలిచి వేశాను. ఎక్కడైనా టేపు పెట్టి చూడు. అంగుళం తేడా వస్తే నా బ్రష్షులు నీకిచ్చేస్తా."

"తేడా లేదు బాబాయ్. నీ కొలత కరెక్టే. నేల సరిగా లేదు."

"నేల సరిగా లేకపోతే మేస్త్రీని అడగాలి గానీ నన్నడుగుతారేంటి?"

"ఆ మేస్త్రీ ఎప్పుడో పోయుంటాడు బాబాయ్" అన్నాడు భాయ్. "నువ్వున్నావ్. గుమ్మం వైపు జానెడు పైకి లేపాలి. తెలుపు మీద ముదురు రంగేగా, ఒక్క చెయ్యి వేస్తే పోతుంది."

"మరి నేల నుంచి చూస్తే?"

"సోఫాలొచ్చాక నేలెవడు చూస్తాడు?"

ఆయన గొణుక్కుంటూనే డబ్బా మూత తీశాడు. కానీ గోడ మీద తిన్నటి గీత ఎవరు గీయాలి? ఎండలో లేజరు పనికిరాదు. సాయంత్రం దాకా ఆగితే అన్నదమ్ములొచ్చేస్తారు. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. నేను వెళ్ళి నీళ్ళ గొట్టం తెచ్చాను. అతను దాన్ని వెలుగుకి ఎత్తి, ఈ చివర నుంచి ఆ చివర దాకా బుడగ కోసం వెతికాడు.  తనే అన్నాడు.

"దువ్వెన మీద కాదు, గొట్టం మీదే ఉన్నాయి కళ్ళు."

ఆ మధ్యాహ్నం మళ్ళీ పాత రోజుల్లాగే పనిచేశాం. గోదాముకి ఆ కొసన అతను, ఈ కొసన నేను, మధ్యలో దారం. రెండు లాగుళ్ళు, పైకి. మూడు లాగుళ్ళు, కిందికి. ఒకటి, ఆగు. సరిపోయాక మధ్యమధ్యలో వేలితో అదిమి, దారం సాగదీసి టప్పున వదిలితే గోడ మీద నీలం గీత పడింది. ఆ చప్పుడు వింటే మీరు కూడా ఈ కంప్యూటర్లు వదిలేసి వెళ్ళిపోతారు పిల్లలూ. నీలం పొడి అతని ఇస్త్రీ చొక్కా నిండా పడింది. దులుపుకోలేదు.

ఓనరుగారి కారు తిరునాళ్ళ జనంలో ఇరుక్కుపోయింది. సాయంత్రం వస్తామన్నవాళ్ళు పొద్దు వాలాక వచ్చారు. అన్నదమ్ములిద్దరూ కారు ఎక్కడో వదిలేసి, చెమటలు కక్కుకుంటూ, చేతిలో బెలూను పట్టుకుని. ఆ బెలూనెందుకో మేం అడగలేదు. మేరీమాత పుణ్యమా అని రంగు ఆరే టైము మాకు దొరికింది.

ఓనరుగారు అదే చోట నిలబడి తలెత్తి చూశారు. సారుతో కలిపి మేం నలుగురం ఆయన మొహమే చూస్తున్నాం. పెయింటరు బాబాయ్ కూడా.

"చూశావా అన్నయ్యా?" అన్నారు చివరికి. "పొద్దున చెబితే ఈ అమ్మాయి నా కళ్ళు బాగోలేవంది. ఇప్పుడెలా ఉందో చూడు. దించగానే సరిపోయిందా లేదా?"

నేను నోరు తెరిచాను. భాయ్ నా వైపు చూశాడు. చేతిలో దారం లేదు కానీ, ఒక్కసారి చటుక్కున లాగినట్టే ఉంది ఆ చూపు.

"సరిపోయిందండీ" అన్నాను. నా ఉద్యోగ జీవితంలో నేను మింగిన ఒకే ఒక్క మాట అది. ఇంకా అరగలేదు.

మర్నాడు సారుకి జరిగిందంతా చెప్పాం. ఫోటో చూసి పగలబడి నవ్వారు. భుజం తట్టారు. ఆ తర్వాత పాఠం చెప్పే గొంతుతో అన్నారు.

"ఇంత తెలివైన పిల్లలిద్దర్నీ ఒక్క సైటులో పెడితే నాకేం మిగులుతుంది? అబ్బాయ్, హాస్పిటల్ నీది. నీ కింద గ్యాంగు పెట్టుకో, లేజరు తీసుకుపో. అమ్మాయ్, నువ్వు ఆఫీసుకి రా. గోడలూ నేలలూ చూసి బొమ్మ గీసేవాళ్ళే నాకు లేరు."

"మీ ఇద్దరిదే అన్నారు కదండీ" అన్నాను.

"అప్పుడు లేజరు లేదు కదమ్మా. రెండో మనిషి కావాలి. ఇప్పుడెందుకు?"

చాలా అరిచాను ఆ రోజు. సారుకి నా మీద కోపం కూడా రాలేదు. మెచ్చుకుంటే ఏడుస్తుందేంటీ పిల్ల అన్నట్టు చూశారు.

గోదాము ఎదురుగా ఒక టీ కొట్టుంది. ఆఖరి రోజు అక్కడ నిలబడ్డాం. అతను కొత్త చొక్కా వేసుకున్నాడు. గ్యాంగు దొరికినందుకు మొహం వెలిగిపోతోంది. దాచుకోవడానికి ప్రయత్నిస్తున్నాడు, కుదరడం లేదు. అందుకే కోప్పడలేకపోయాను.

"బాగా చేశాం మేడం. అందుకే విడగొట్టారు" అన్నాడు. "చెడగొట్టుంటే ఇద్దర్నీ కలిపి తిట్టేవారు."

"చెడగొట్టాల్సింది."

"దారం లాగింది ఎవరు?"

ఖాళీ గ్లాసు బల్ల మీద పెట్టేశాను. 

హాస్పిటల్ పూర్తయింది. భాయ్ ఇప్పుడు కాకినాడలో ఏదో పెద్ద సైటులో ఉన్నాడు. పండగలకి మెసేజీలు పెట్టుకుంటాం. ఆ హాస్పిటల్‌కి అమ్మని పంటి నొప్పికి తీసుకెళ్ళాను. వరండా పొడుగునా తలెత్తి నడిచాను. తెల్లటి సీలింగు పలకలు తప్ప ఏమీ కనపడలేదు. అతను వేసిందంతా వాటి వెనకుంది. ఎంత తిన్నగా ఉందో అతనికీ దేవుడికీ తెలుసు.

పోయిన ఆదివారం అమ్మ డైనింగ్ టేబులు కొందామంది. ఆ షోరూముకే తీసుకెళ్ళాను. అమ్మ టేబుళ్ళు చూస్తోంది. నేను పైకి చూస్తున్నాను.

"మేడం, టేబుళ్ళు కింద ఉన్నాయండీ" అన్నాడు సేల్సుమన్.

"పైపు చూస్తున్నా."

"అది అమ్మేది కాదండీ."

పైపు అలాగే ఉంది. బంగారు పట్టీ దాని కింద సమంగా నడుస్తోంది. సోఫాల వెనక నేల ఇప్పటికీ గుమ్మం వైపు జారుతూనే ఉంది, ఎవరికీ తెలీదు. గుమ్మం దగ్గర చివరి రాడ్డుకి, క్లాంపు పైన, చిన్న ముడి ఉంది. ఆ రోజు అతను కట్టిన దారం. కిందిది కోసేసి ముడి వదిలేశాడు. తర్వాతెవరో దాని మీద కూడా ఎర్ర రంగు పూసేశారు. తెలిసినవాళ్ళు చూస్తే తప్ప కనపడదు.

ఫోనులో బాగా దగ్గరికి లాగి ముడి ఫోటో తీశాను. ఏమీ రాయకుండా అతనికి పంపాను. అమ్మ బిల్లు కట్టడానికి వెళ్ళింది. నేను బయటికొచ్చి ఎదురుగా ఉన్న టీ కొట్టు దాకా నడిచాను. ఫోను చేతిలోనే ఉంది, ఎప్పటిలాగే.

జవాబొచ్చింది. అందులో ఒక్క అక్షరం కూడా లేదు. తెరకి ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒక పొడుగాటి గీత ఉంది. పాత టీ లాగుడులా, లాగి అలాగే పట్టుకున్నట్టు.

"ఎన్నమ్మా?" అన్నాడు టీ కొట్టతను, గ్లాసులు కడుగుతూ.

రెండు అనబోయి ఆగాను.

"ఒకటి" అన్నాను.